గడ్డి ట్రాక్టరుకి ఆయుధపూజ

కోపం తెచ్చుకోవడానికి నాకు బోలెడంత తీరిక ఉన్న కాలం ఒకటుండేది. సెల్‌ఫోన్లు అప్పటికి మోతుబరుల చొక్కా జేబుల్లోంచి మాత్రమే తొంగిచూసేవి. ఇంజినీరింగ్ కాలేజీలు మాత్రం మా గుడివాడ చుట్టుపక్కల ఏ చేలో చూసినా మొలుస్తుండేవి. నిరుడు వరి కోసిన చోట ఈ ఏడు కంప్యూటర్ ల్యాబు కనిపించేది. నేను మెకానికల్ ఇంజినీరింగ్ పాసయి వచ్చాను. మా బ్యాచిలో నేనొక్కదాన్నే ఆడపిల్లని. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఏం చదివావమ్మా అని అడిగేవారు, చెప్పాక జాలిగా చూసేవారు. ఆ జాలికే నాకు సగం కోపం వచ్చేది. మిగతా సగం ఎప్పుడొచ్చిందో చెప్పాలంటే మా కాలేజీ గురించి, అక్కడి గడ్డి ట్రాక్టరు గురించి చెప్పాలి.

గుడివాడ నుంచి బందరు వెళ్లే దారిలో కొత్తగా పెట్టిన కాలేజీ అది. పెట్టినాయన కైకలూరు వైపు చేపల చెరువుల మీద పైకొచ్చిన మనిషి. అందరూ పెద్దాయన అనేవారు. చదువంటే ఆయనకి భక్తి, చదువుకున్నవాళ్లంటే అనుమానం. నన్ను ఇంటర్వ్యూ చేసినప్పుడు డీజిలింజను ఆగిపోతే ముందేం చూస్తావని అడిగారు. డీజిలుందో లేదో చూస్తానన్నాను. తలూపి ఉద్యోగం ఇచ్చేశారు. వర్క్‌షాపులో పిల్లలకి ఇనుప కడ్డీని గిర్రున తిప్పి చెక్కే లేత్ మిషను నేర్పే ఉద్యోగం. ఆ రాత్రి మా అమ్మ పాయసం చేసింది. (లేత్ అంటే ఏమిటో ఆవిడకి తెలియదు. తెలిసుంటే చేసేది కాదేమో.)

ఉద్యోగంలో చేరిన రోజే మా హెచ్.ఓ.డి. గారు నన్ను వర్క్‌షాపు గుమ్మం దగ్గర ఆపేశారు. ఆయన మెత్తని మనిషి. ఎవరినీ నొప్పించకుండా వాళ్లకి రావలసింది రాకుండా చేయడంలో ఆరితేరినవారు. లేత్ తిరుగుతున్నప్పుడు చున్నీ చుట్టుకుంటే ప్రమాదం కదమ్మా అన్నారు. చున్నీ తీసి పైన ఖాకీ కోటు వేసుకుంటానన్నాను. చున్నీ లేకపోతే ఇంకో రకం ప్రమాదం కదమ్మా, మగపిల్లలుంటారు అన్నారు. నేను ఇంకా నోరు తెరుచుకుని చూస్తుండగానే, నీకు తేలికైన పని ఒకటి చూశాను, ఆరుబయట హాయిగా ఉంటుంది అంటూ ఆ ఎర్ర బండి దగ్గరకి తీసుకెళ్లారు.

అదే గడ్డి ట్రాక్టరు. పొలం దున్నే ట్రాక్టరుకి చంటిబిడ్డలా ఉండేది. వెనక ఒక సీటు, ముందు చిన్న ఇంజను, కడుపు కింద గడ్డి కోసే బ్లేడ్లు. విశాఖపట్నంలో ఏదో విదేశీ కంపెనీ వాళ్లు బంగళా ఖాళీ చేసి వెళ్తుంటే పెద్దాయన వేలంలో కొనుక్కొచ్చారు. కాలేజీ ముందు పచ్చిక పెంచితే తనిఖీకి వచ్చేవాళ్లు అబ్బురపడతారని ఆయన ఆలోచన. ఆ బండి పెట్రోలుతో నడవదు. సీటు వెనక పట్టీలతో బిగించిన సిలిండరు ఉంటుంది. అందులో ప్రొపేన్ అనే గ్యాసు, అంటే మన వంటగ్యాసుకి అన్నలాంటిది. వచ్చిన అతిథులందరికీ పెద్దాయన మొదట లైబ్రరీ కాదు, దీన్నే చూపించేవారు. ‘గ్యాసుతో నడుస్తదండీ’ అని చెప్పి, వాళ్ల మొహాల వంక చూసేవారు.

బండిని నడిపే హక్కు మాత్రం పెద్దాయన బావమరిది గారిది. కాలేజీ స్టోర్సంతా ఆయన చేతి కిందే. ఉదయం పూట నల్ల కళ్లజోడు పెట్టుకుని ఆ సీటు మీద కూర్చుని, ఊరేగింపులో పెళ్లికొడుకులా గడ్డి మీద అటూ ఇటూ తిరిగేవారు. అమ్మాయిల హాస్టల్ ముందున్న గడ్డి మీద ఆయనకి శ్రద్ధ ఎక్కువ. అక్కడ గడ్డి మొలిచేంత వ్యవధి ఉండేది కాదు. ఊరేగింపు అయ్యాక దిగి, ‘ఏమ్మా, చూసుకో’ అని నా వైపు ఒక మాట విసిరి టిఫినుకి వెళ్లిపోయేవారు. ఆ తర్వాత నా ఉద్యోగం మొదలయ్యేది.

ఇంజినీరు అయ్యుండి నేను గడ్డి గీకాను. ఇది చెప్పుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది గానీ అప్పుడు పళ్లు నూరుకుంటూ గీకాను. బ్లేడ్ల చుట్టూ పచ్చిగడ్డి ముద్దగా అంటుకుని ఉండేది. దాన్ని వదిలేస్తే ఆ తడికి లోపలి రేకు తుప్పు పడుతుంది. అసలే మాది బందరు ఉప్పుగాలి వచ్చే చోటు. అందుకని బండిని వాలుగా ఎత్తి, గీకి, తుడిచి, నూనె గుడ్డతో రుద్దేదాన్ని. బ్లేడ్లు విప్పి ఆకురాయి పట్టేదాన్ని. గాలి వడపోత దులిపేదాన్ని, ఇంజనాయిలు చూసేదాన్ని. ఒక పక్క వర్క్‌షాపులోంచి లేత్ చప్పుడు వినిపిస్తుండేది. మా బ్యాచిలోనే ముక్కుతూ మూలుగుతూ పాసైన కుర్రాడొకడు లోపల పాఠం చెబుతుండేవాడు. వాడు చెప్పే తప్పులు కిటికీలోంచి వినపడి, నేను బ్లేడుని మరింత గట్టిగా అరగదీసేదాన్ని. (ఆ ఏడాది ఆ బ్లేడ్లంత పదునైనవి కృష్ణా జిల్లా మొత్తం మీద ఏ క్షౌరశాలలోనూ ఉండి ఉండవు.)

బండితో పాటు వచ్చిన పుస్తకాన్ని ఆద్యంతం చదివాను. చదవడానికి వేరే ఏమీ ఇవ్వలేదు మరి. గ్యాసు బండిని దాచడానికి ఒక పద్ధతి ఉంది. పని అయ్యాక ముందు సిలిండరు వాల్వు కట్టేయాలి. ఇంజను మాత్రం ఆపకూడదు. గొట్టంలో మిగిలిన గ్యాసంతా కాలి, దానంతటదే ఆగేదాకా తిరగనివ్వాలి. తర్వాత సిలిండరు విప్పి, గాలి ఆడే చోట, ఆరుబయట నీడలో నిలబెట్టాలి. బండిని గదిలో పెట్టుకోవచ్చు గానీ సిలిండరుని మాత్రం నాలుగు గోడల మధ్య పెట్టకూడదు. ఎందుకంటే ఈ గ్యాసు గాలి కంటే బరువు. లీకయితే పైకెగిరిపోదు. నేల మీద నీళ్లలా పరుచుకుని, అగ్గిపుల్లదో స్విచ్చిదో ఒక్క నిప్పురవ్వ కోసం అక్కడే కాచుకుని ఉంటుంది.

బావమరిది గారికి ఈ పద్ధతి నచ్చలేదు. ఇంజను ఆగేదాకా తిరగనివ్వడం గ్యాసు దండగట. సిలిండరు బయట పెడితే ఎవరో ఎత్తుకుపోతారట. హాస్టల్ వంటింటి గోడకి ఆనుకుని స్టోరురూము ఒకటుండేది. బండిని సిలిండరుతో సహా అందులోకి తోసి, చెమ్మ తగలకుండా పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, కిటికీలు మూసి తాళం వేసేవారు. తాళంచెవి మొలతాడుకి. నేను వెళ్లి, ప్లాస్టిక్ పట్టా కింద చెమ్మ పోగై ఇంకా తుప్పు పడుతుందండీ, నూలు దుప్పటి కప్పాలి, సిలిండరు బయటికి తీయాలి అని చెప్పాను. గ్యాసు పైకి పోతుంది కదమ్మా, పైన వెంటిలేటరు ఉందిగా అన్నారు. పైకి పోదండీ, కిందే ఉంటుంది అన్నాను. ఆయన నా వంక చాలా సేపు చూసి, ఇంటిదగ్గర నాన్నగారు ఏం చేస్తుంటారు అని అడిగారు. అదీ ఆయన సమాధానం.

హెచ్.ఓ.డి. గారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఆ వారమే పిల్లలకి ఇండస్ట్రియల్ సేఫ్టీ మీద గొప్ప ఉపన్యాసం ఇచ్చి ఉన్నారు. నా మాట పూర్తిగా విని, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, కానీ ఆయన పెద్దాయన బావమరిది అన్నారు. భౌతికశాస్త్రంలో బంధుత్వాలకి మినహాయింపు ఉంటుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచీ ఊరేగింపు అయి బావమరిది గారు టిఫినుకి వెళ్లగానే నేనే వాల్వు కట్టి, సిలిండరు విప్పి, స్టోరురూము వెనక రేకు పంచ కింద ఇనుప జాలీ గూటిలో పెట్టేదాన్ని. మర్నాడు ఆయన నన్ను నాలుగు మాటలని దాన్ని మళ్లీ బిగించుకునేవారు. ఇద్దరం ఒకరినొకరు కసిగా భరిస్తూ వానాకాలం దాటించాం.

దసరా వచ్చింది. కాలేజీకి సెలవులిచ్చారు గానీ ఆయుధపూజకి స్టాఫంతా రావాలని పెద్దాయన కబురు. పండగ పూట బూరెలు వదిలేసి, ముసురులో తడుస్తూ గుడివాడ బస్టాండులో బస్సు ఎక్కాను. అప్పటికే నా కోపం ఒక స్థాయిలో ఉంది. వర్క్‌షాపులో లేత్‌కి, డ్రిల్లింగ్ మిషనుకి పసుపు కుంకుమ పెట్టి పూజ అయిపోయింది. నన్ను గుమ్మం బయటే నిలబెట్టి చేతిలో ప్రసాదం పెట్టారు. అప్పటికి నా కోపం ఇంకో మెట్టెక్కింది. ఇక ఆఖరున గడ్డి ట్రాక్టరు పూజ. వాన పడుతోందని స్టోరురూములోనే ఏర్పాటు చేశారు.

బావమరిది గారు తలుపు తీశారు. ముందు రోజు సాయంత్రమే బండికి బంతిపూల దండలు వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గది మూసేశారట. సిలిండరు లేకపోతే బండి బోసిగా ఉందని వెనక నుంచి తెచ్చి తానే బిగించారట. అంతటితో ఆగలేదు. హారతి అవగానే పెద్దాయన చేతుల మీదుగా బండి ఠక్కున స్టార్టవ్వాలని వాల్వు కూడా తెరిచి ఉంచారు. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు. అప్పటికి నాకు కనిపించింది పట్టుపంచెలో పెద్దాయన, పక్కన బావమరిది గారు, చేతులు కట్టుకున్న హెచ్.ఓ.డి. గారు, నేల మీద పీట, పీట ముందు దీపపు కుంది, దాని ముందు గొంతుక్కూర్చున్న పంతులుగారు. నేను అందరి వెనక, గుమ్మంలో నిలబడ్డాను.

గదిలో వాసన వచ్చింది. అది అందరి ముక్కులకీ తగిలింది. ఎలక చచ్చినట్టుందని ఒకరన్నారు. వానకి డ్రైనేజీ పొంగి ఉంటుందని హెచ్.ఓ.డి. గారన్నారు. బావమరిది గారు పన్నీరు బుడ్డి తీసి నాలుగు మూలలా చిలకరించారు. పంతులుగారు దీపం వెలిగించడానికి అగ్గిపుల్ల గీశారు. ముసురుకి అగ్గిపెట్టె మెత్తబడిపోయి పుల్ల తల విరిగింది. ఇంకోటి తీశారు. బావమరిది గారు, ఈ వాసనేంటో అంటూ ఫ్యాను స్విచ్చి మీదకి చెయ్యి చాచారు.

తర్వాత నేను చేసినదాన్ని ఆలోచించి చేశానని చెబితే అబద్ధమవుతుంది. ఇన్నాళ్లూ గొంతులో పేరుకున్నదంతా కాళ్లలోకి వచ్చింది. హెచ్.ఓ.డి. గారిని పక్కకి తోశాను. బావమరిది గారి చేతి మీద ఒక్క దెబ్బ వేశాను. (చప్పుడు బాగా వచ్చిందని తర్వాత అందరూ ఒప్పుకున్నారు.) పంతులుగారి చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని గుమ్మంలోంచి వాననీళ్లలోకి విసిరేశాను. ఆ మీదట నా నోటి నుంచి వచ్చిన గొంతు నాదని నాకే తెలియలేదు.

“ఎవ్వరూ ఏదీ ముట్టుకోవద్దు. నోరు మూసుకుని బయటికి నడవండి.”

నడిచారు. అందులో అందరికంటే ముందు నడిచింది పెద్దాయన. పట్టుపంచె కుచ్చెళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని చకచకా వానలోకి వెళ్లిపోయారు. పంతులుగారు కుందితో సహా వెళ్లారు. నేను గోడకున్న కిటికీలు బయటి నుంచి తోసి తెరిచాను. ఊపిరి బిగబట్టి లోపలికి వెళ్లి వాల్వు తిప్పి కట్టేశాను. గోడకి అవతల హాస్టల్ వంటింట్లో పండక్కి ఉండిపోయిన పిల్లల కోసం అన్నం ఉడుకుతోంది. అది గుర్తొచ్చి, అక్కడికి పరుగెత్తి వంటావిడ చేత పొయ్యిలన్నీ ఆర్పించాను. ఆవిడ నన్ను తిట్టిన తిట్లు ఆ రోజు నాకు ఆశీర్వచనంలా వినిపించాయి. తిరిగి స్టోరురూము దగ్గరికి వచ్చాను. కోపం మాత్రం తగ్గలేదు.

వానలో అందరూ తడుస్తూ నిలబడి ఉన్నారు. పండగ పూట హారతి వెలగకుండానే ఆడపిల్ల అగ్గిపెట్టె విసిరేసిందని బావమరిది గారు బొబ్బలు పెడుతున్నారు. ఇక కాలేజీకి అరిష్టమట, మోపిదేవి గుడికి వెళ్లి పూజ చేయించకపోతే కుదరదట. పెద్దాయన ఆయన్ని చేత్తో ఆపి నా వైపు తిరిగారు.

“ఎవర్ని అమ్మాయ్, నోరు మూసుకోమన్నావు?”

“అందర్నీనండి.”

“నన్ను కూడానా?”

“మీరే కదండీ ముందున్నారు.”

హెచ్.ఓ.డి. గారు కళ్లు మూసుకున్నారు. నేను ఇక ఉద్యోగం పోయిందని తేల్చుకున్నాను. పోతే పోయింది, చెప్పవలసింది చెప్పి పోదామనిపించింది. గదిలో గాలి బాగా ఆడి వాసన పోయేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. తర్వాత బండిని అందరి చేతా ఆరుబయటికి తోయించాను. పట్టుపంచెలూ, ఇస్త్రీ చొక్కాలూ, బంతిపూల దండలూ అన్నీ కలిసి ఆ బురదలో బండిని నెట్టాయి. వంటావిడ దగ్గర గిన్నెలో సబ్బునీళ్లు కలిపించి తెచ్చాను. వాల్వు కొంచెం తెరిచి, సిలిండరుకీ గొట్టానికీ అతికే చోట ఆ సబ్బునీళ్లు పూశాను.

బుడగ వచ్చింది. కంటి ముందే ద్రాక్షపండంత అయి, ఉసిరికాయంత అయి, పక్కన ఇంకోటి పుట్టి, వరసగా ఉబ్బుకుంటూ వచ్చాయి. బిగించేటప్పుడు మర పక్కకి ఎక్కి, సందు ఉండిపోయింది. పెద్దాయన వంగి చూశారు. బుడగ ఒకటి పేలి మొహాన తుంపర పడితే తుడుచుకున్నారు.

“ఇదంతా రాత్రి నుంచీ గదిలో ఉందా?” అన్నారు.

“కిందే ఉందండీ. పంతులుగారు కూర్చున్న చోట.”

పంతులుగారు చేతిలో కుందితో అక్కడి బురదలోనే చతికిలబడ్డారు. పెద్దాయన బావమరిది గారి వైపు తిరిగి ఒక మాటన్నారు. చేపల చెరువుల గట్ల మీద ఆ మాట చెల్లుతుందేమో గానీ అచ్చులో చెల్లదు. ఆ తర్వాత బావమరిది గారి మొలతాడుకి ఉన్న తాళంచెవి విప్పి నాకివ్వమన్నారు. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఇక్కడే నా జీవితం మొత్తం మీద నేను చేసిన అత్యంత తెలివైన పని జరిగింది. అది కూడా కోపంలోనే జరిగింది. ఈ తాళం నాకొద్దండీ, వర్క్‌షాపు తాళం ఇప్పించండి, నన్ను తీసుకున్నది దానికి అన్నాను.

పెద్దాయన హెచ్.ఓ.డి. గారి వంక చూశారు. ఆయన చున్నీ సంగతి మొదలుపెట్టబోయారు. పెద్దాయన సాంతం విననే లేదు. “రెండూ ఆ అమ్మాయికే ఇవ్వండి. ఇట్టా అరిచేవాళ్లు మిషన్ల దగ్గర ఉండాలి గానీ గడ్డిలో ఏం చేస్తారు?” అని, కారెక్కి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం గుడివాడ వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఏడవడానికి కారణం లేకపోయినా దారి పొడుగునా ఏడ్చాను. ఇంటికొచ్చాక అమ్మకి తలనొప్పి అని చెప్పాను. బూరెలు మాత్రం తిన్నాను. సెలవులయ్యాక హెచ్.ఓ.డి. గారు నన్ను గదికి పిలిచి, మంచి పని చేశావు, కానీ ఆ టోను బాగాలేదు, కాస్త మర్యాదగా చెప్పి ఉండాల్సింది అన్నారు. వానాకాలమంతా మర్యాదగానే చెప్పాను కదండీ అన్నాను. ఆయనకి ఆ మాట గుర్తున్నట్టు లేదు. లేత్ దగ్గర మొదటి రోజున ఖాకీ కోటు వేసుకుని, జుట్టు ముడి వేసుకుని నిలబడితే పిల్లలందరూ భయభయంగా, క్రమశిక్షణగా ఉన్నారు. బావమరిది గారి చేతి మీద దెబ్బ సంగతి హాస్టల్లో అప్పటికే చాలా పెద్దదయిందట.

ఇక గడ్డి ట్రాక్టరు పని మాత్రం ఎంతో కాలం సాగలేదు. వేసవిలో బోరునీళ్లు ఉప్పదేలి, చౌడు పైకి తేలి, పచ్చిక తెల్లబడి చచ్చిపోయింది. గడ్డి లేని కాలేజీలో గడ్డి ట్రాక్టరుకి నేను ఆయిలు మార్చాను, టైర్లలో గాలి చూశాను, బ్యాటరీ తీగ విప్పి, బ్లేడ్లకి గ్రీజు పూసి, నూలు దుప్పటి కప్పి ఉంచాను. సిలిండరుని ఖాళీ చేయించి పంపేశాం. ఎందుకమ్మా అంత శ్రమ అని పెద్దాయనే ఒకసారి అడిగారు. బండి తప్పేముందండీ అన్నాను. చివరికి బందరు అవతల ఎవరో రొయ్యల కంపెనీవారు తమ ఆఫీసు ముందు పచ్చిక కోసం కొనుక్కున్నారు. లారీ ఎక్కిస్తుంటే వాళ్ల మేనేజరుకి దాన్ని ఎలా దాచాలో అంతా చెప్పాను. ఆయన చెవిన పెట్టకుండా ఫోను మీటలు నొక్కుకుంటుంటే గొంతు పెంచాను. ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు.

ఇప్పుడు నేను చాలా మర్యాదస్థురాలిని. మీటింగుల్లో చెయ్యెత్తి, అవకాశం ఇచ్చాకే మాట్లాడతాను. నా మాట ఎవరైనా వినకపోతే మళ్లీ ఒకసారి, ఇంకాస్త నెమ్మదిగా చెబుతాను. మా ఇంట్లోవాళ్లు నా గొంతు పెద్దగా విన్న జ్ఞాపకం లేదంటారు. పెద్దాయన్ని నోరు మూసుకుని నడవమన్న ఆ అమ్మాయి ఇప్పుడు గుడివాడ బస్టాండులో నాకు ఎదురుపడితే, నేను కాస్త జంకి పక్కకి తప్పుకుంటాననుకుంటాను. అలా తప్పుకుని, ఆ పిల్ల విసవిసా నడుచుకుంటూ బస్సెక్కేదాకా అక్కడే నిలబడి చూస్తాను.